డ్యాష్‌బోర్డులో సప్పుడు: అక్క కారు కేసు

అక్క హైదరాబాద్ శివార్లలోని నాగారం నుంచి హబ్సిగూడలోని బడికి రోజూ తన కారులోనే వెళ్తుంది. ఈసీఐఎల్ చౌరస్తా, మల్లాపూర్, నాచారం మీదుగా దారి. లారీలు తిరిగే రోడ్డు, గుంతలకు కొదవ లేదు. డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి ఫోన్ చేసింది. "తమ్మీ, కార్ల ముందర ఏదో కటకట కొట్టుకుంటుంది రా. పొద్దున ఇంటికాడ మొదలైతే బడి దాకా అదే సప్పుడు. నాకైతే తలకాయ పలిగిపోతుంది. బండి అమ్మేద్దామా అనిపిస్తుంది."

ఈ మాట నాకు కొత్త కాదు. పద్నాలుగేళ్లుగా కార్ల లోపలి పనే నాది: సీట్లు, ప్యానళ్లు, వైరింగు. ఇంజను బాగుండి, బ్రేకులు బాగుండి, ఒక్క చప్పుడు వల్ల బండి మీద మనసు విరిగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. బయటివాళ్లకు అది చిన్న విషయం. రోజూ గంటన్నర దాని పక్కనే కూర్చునేవాళ్లకు కాదు.

ఈ కేసును పూర్తిగా రాయాలనిపించడానికి కారణం ఉంది. చప్పుడు వినిపించిన చోటుకూ అది పుట్టిన చోటుకూ ఇందులో చాలా దూరం. ఆ దూరం తెలియక నేనే ఒక రోజు తప్పుదారి పట్టాను. చివరికి విప్పి బిగించిన పనిలో సగం అక్క తన చేతులతోనే చేసింది. కారు పానా ఎప్పుడూ పట్టని మనిషి చేయగలిగిందంటే, ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు.

బండి 2019 మోడల్, చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మూడు సిలిండర్ల ఇంజను, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. నాకు చెప్పేలోపే అక్క రెండు చోట్ల చూపించింది. సర్వీస్ సెంటర్‌లో "ప్లాస్టిక్ కదా మేడమ్, ఇంత మామూలే" అని పంపించేశారు. ఇంకో షాపులో గ్లవ్ బాక్సు విప్పి చుట్టూ నల్ల స్పంజి కుక్కి పన్నెండు వందలు తీసుకున్నారు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలైంది. పైగా ఆ తర్వాత ఇంకో కొత్త చప్పుడు కూడా తోడైందని అక్క చెప్పింది. ఆ మాటను నేను అప్పుడు సరిగ్గా పట్టించుకోలేదు.

ముందు చప్పుడుకు పేరు

"ఎట్లొస్తుందో నోటితోని చేసి చూపియ్యక్కా" అన్నాను. ఎవరొచ్చినా నేను అడిగే మొదటి మాట ఇదే. ఇందులో మన భాష చాలా సాయం చేస్తుంది. "కిర్రు"మందంటే రెండు ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని రాసుకుంటున్నాయని అర్థం. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం వల్ల పుట్టే చప్పుడది. "టకటక", "కటకట" అంటే రెండింటి మధ్య ఖాళీ ఉంది, ఊగినప్పుడల్లా వెళ్లి గుద్దుకుంటున్నాయి. "జుయ్"మంటే ఏదో పలుచటి ముక్క ఇంజను అదురుకు తన లయ కుదిరి మోగుతోంది. మూడింటికీ మందు వేరు. కిర్రుకు రాపిడి తగ్గించాలి. టకటకకు వదులైనదాన్ని బిగించాలి, లేదా మధ్యలో మెత్తటిది పెట్టాలి. జుయ్‌మనేదాన్ని పట్టి ఆపాలి. పేరు తెలియకుండా స్పంజి కుక్కడమంటే జ్వరమో దెబ్బో తెలియకుండా కట్టు కట్టడమే.

అక్క చేసి చూపించినది "ట-టక్". ఒక గతుకుకు రెండు దెబ్బలు. దీన్ని పక్కాగా పట్టుకోవడానికి ఆమె చెప్పిన ఇంకో సంగతి పనికొచ్చింది. నవంబరులో బావను ఎయిర్‌పోర్టులో దింపడానికి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లారట. పదకొండున్నర కిలోమీటర్ల ఆ వంతెన మీద రోడ్డు నున్నగా ఉంటుంది, కానీ శ్లాబులు కలిసే చోట అతుకులు ఉంటాయి. అతుకు దాటినప్పుడల్లా సరిగ్గా "ట-టక్" అనిందట. మధ్యలో నిశ్శబ్దం. వదులైన ప్యానలైతే ఒక కుదుపుకు ఒకసారి కొట్టి ఊరుకుంటుంది. రెండోసారి కూడా కొట్టిందంటే వేలాడుతున్నదేదో ఊగి తిరిగి వచ్చి తగిలిందని నా అనుభవం. ఈ ఒక్క ముక్కను నేను మొదటి రోజే నమ్మి ఉంటే పని త్వరగా తేలేది.

"ఇది మొదలవకముందు బండికి ఏమన్నా పని చేయించినవా?" అని అడిగాను.

"ఏం చేయించలేదు రా. మంచిగనే ఉండె."

అది నిజం కాదని తర్వాత తేలింది. అక్క అబద్ధం ఆడలేదు, నా ప్రశ్నలోనే లోపముంది. ఆమె గత వారం, పది రోజులు తలచుకుని చెప్పింది. నేను ఏడాది మొత్తం అడగాల్సింది.

ఖాళీ చేయడం, కింద చూడడం

శనివారం పొద్దున ఆరున్నరకు వాళ్ల అపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. చప్పుడు చలిలో ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ అని చెప్పింది కాబట్టి చలిలోనే వినాలి. గ్యారేజీకి పది గంటలకు తెచ్చిన బండిలో సగం చప్పుళ్లు నిద్రపోతాయి. "ఏమీ లేదు" అనే జవాబు చాలాసార్లు అక్కడే పుడుతుంది.

ముందు బండిని పూర్తిగా ఖాళీ చేశాం. కప్ హోల్డర్‌లో చిల్లర, గ్లవ్ బాక్సులో సెంటు సీసా, డోర్ల జేబుల్లో నీళ్ల బాటిళ్లు, అద్దానికి వేలాడే దండ, డ్యాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడు. విగ్రహాన్ని అక్కే కళ్లకద్దుకుని తీసి లోపల పెట్టింది. వెనక డిక్కీలో జాకీ, పానా, స్టెప్నీ బోల్టు బిగుతు చూశాను. ఖాళీగా ఉన్న పక్క సీటు బెల్టు లోహపు కొస కూడా డోరు పక్క స్తంభానికి తగిలి టక్కుమంటుంది, దాన్ని బకిల్‌లో పెట్టేశాం. చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి. ఇది ముగియలేదు.

తర్వాత టైర్లు. డోరు దగ్గరి స్టిక్కర్ మీద 33 పీఎస్ఐ అని ఉంది, గేజీ పెడితే 40 చూపించింది. గాలి ఎక్కువైతే టైరు గతుకును మింగదు, బాడీకి పంపిస్తుంది. 33కు దించాక కటకట కొంచెం మెత్తబడింది కానీ పోలేదు. బానెట్ తెరిచి బ్యాటరీ క్లాంపు, బానెట్ ఆనే రబ్బరు గుండీలు, వైపర్ల కింది ప్లాస్టిక్ పలక క్లిప్పులు కదిపి చూశాను, అన్నీ గట్టిగా ఉన్నాయి. ముందు చక్రాల సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్లు అరిగినా చప్పుడు డ్యాష్‌బోర్డులోనే ఉన్నట్టు వినిపిస్తుంది. అయితే ఆ దెబ్బ పాదాలకు, స్టీరింగుకు కూడా తెలుస్తుంది. ఇక్కడ అలాంటిది లేదు. ఈ తేడా తేల్చకుండా ప్యానల్ మీద చెయ్యి వేయకూడదు. లింక్ రాడ్ అరిగిన బండిలో డ్యాష్‌బోర్డు విప్పితే పది క్లిప్పులు విరగడం తప్ప ఏమీ జరగదు.

చెవిని నమ్మి పోగొట్టిన రోజు

పరీక్షకు ఒకే రోడ్డు కావాలి. వాళ్ల కాలనీ బయట బడి ముందు వరసగా వేసిన చిన్న స్పీడు పట్టీలు ఉన్నాయి. అక్క నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. కిటికీలు మూసి, ఏసీ, పాటలు ఆపి, 15, 20, 25, 30 వేగాల్లో ఒక్కోసారి వాటి మీదుగా వెళ్లాం. 20కి గట్టిగా వచ్చింది.

నాకు స్పష్టంగా ముందు అద్దం కింద, నడిమధ్య నుంచి వినిపించింది. అక్కకూ అక్కడి నుంచే. ఇద్దరం ఒకే చోటు చూపించాం కాబట్టి అదే అనుకున్నాను. అరచేత్తో ఆ చోట డ్యాష్‌బోర్డును నొక్కితే చప్పుడు తీరు మారింది, కొంచెం మూగబోయింది. దాంతో అద్దానికీ డ్యాష్‌బోర్డు అంచుకూ మధ్య రాపిడి అని తేల్చేసి, ఫెల్ట్ టేపును (మెత్తటి గుడ్డ టేపు) మూడు పొరలు మడిచి ఆ సందులో పొడవునా దోపాను. ఈ పని చాలామంది చేస్తారు, కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా.

ఆదివారం పొద్దున అదే 20 వేగానికి అదే పట్టీల మీద అదే "ట-టక్" వచ్చింది.

ఎందుకు మోసపోయానో ఇప్పుడు చెప్పగలను. డ్యాష్‌బోర్డు ఒక బోలు పెట్టె. అద్దం మీద ఆవిరి పోగొట్టే గాలి గొట్టం దాని పైభాగం కింద అడ్డంగా పోతుంది, నోరు అద్దం కింద తెరుచుకుని ఉంటుంది. లోపల ఎక్కడ చప్పుడు పుట్టినా ఆ గొట్టం గుండా వచ్చి, ఏటవాలు అద్దానికి కొట్టుకుని మన ముఖం మీదికి తిరుగుతుంది. అందుకే అన్నీ "అద్దం కిందనే" వినిపిస్తాయి. ఇక నొక్కినప్పుడు మారడమంటారా, పైపలకను నొక్కితే దానికి అతికి ఉన్న గొట్టం, బ్రాకెట్లు అన్నీ కాస్త వంగుతాయి. చప్పుడు మారితే దారి దొరికినట్టు మాత్రమే, ఇల్లు దొరికినట్టు కాదు. పూర్తిగా ఆగితేనే నమ్మాలి.

ట్యూబు, రెండు వేళ్లు, ఒక పాత బిల్లు

ఆదివారం మళ్లీ మొదటి నుంచి పట్టాం. ఈసారి తాపీమేస్త్రీలు లెవల్ చూసుకునే పారదర్శకపు ట్యూబు మీటరు ముక్క తెచ్చాను. ఒక కొస చెవిలో, రెండో కొస ప్యానళ్ల సందుల దగ్గర. డాక్టరు స్టెతస్కోపు చేసే పనే ఇది. నడిపేవాళ్లు చేయకూడదు, పక్కన కూర్చున్నవాళ్లే చేయాలి. బండి నడపడం నా వంతు, వినడం అక్క వంతు.

గ్లవ్ బాక్సు దగ్గర ఏమీ లేదంది. ఎడమ ఏసీ జాలీ దగ్గర "దూరంగా వినొస్తుంది" అంది. మీటర్ మీద ఏమీ లేదు. మధ్యలో స్టీరియోకూ దాని చుట్టూ ఉన్న ఫ్రేముకూ నడిమి సందులో ట్యూబు పెట్టగానే తల వెనక్కి లాక్కుంది. "గిదే తమ్మీ, గిదే! చెవులనే కొట్టినట్టయింది!"

బండి ఆపి, చోట్లు మారి, నేను రెండు వేళ్లతో స్టీరియో ఫ్రేమును లోపలికి నొక్కి పట్టుకున్నాను. చప్పుడు సగమైంది. బయటికి లాగి పట్టుకుంటే పెరిగింది. నొక్కడం ఒక్కటే కాదు, లాగి కూడా చూడాలి. రెండింటికీ తేడా వస్తే ఆ ముక్క వదులుగా ఉందని రుజువు. అయితే మిగతా సగం ఎక్కడిది?

అప్పుడు చూశాను స్టీరియోను. కంపెనీతో వచ్చింది కాదు, తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ తెర. "ఇది ఎప్పుడు పెట్టించిన్రు?"

"అది దసరాకు మీ బావ పెట్టించిండు కదరా. రివర్స్ కెమెరా కూడా. అప్పటిసంది రెండు నెలలు ఏం సప్పుడు రాలేదు గదా."

బావ పర్సులో నుంచి బిల్లు తీసి ఇచ్చాడు. అక్టోబరు. చప్పుడు మొదలైంది నవంబరు చివర్లో, రాత్రి చలి పెరిగాక. ఈ రెండు నెలల ఎడమే అక్కను, నన్ను ఇద్దరినీ తప్పించింది. పని సరిగ్గా జరగనప్పుడు చప్పుడు ఆ రోజే రానక్కర లేదు.

చలికి ఎందుకు పెరుగుతుందో లెక్క వేసి బావకు చూపించాను. ఉక్కు ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీకి 0.012 మిల్లీమీటరు పెరుగుతుంది. డ్యాష్‌బోర్డుకు వాడే ప్లాస్టిక్కు, అంటే టాల్క్ పొడి కలిపిన పాలీప్రొపిలీన్, దానికి సుమారు ఐదు రెట్లు పెరుగుతుంది. డ్యాష్‌బోర్డు పొడవు 1.3 మీటర్లు అనుకోండి. డిసెంబరు పొద్దున 15 డిగ్రీలు, ఎండలో నిలబెట్టాక పలక మీద 65 డిగ్రీలు, అంటే 50 డిగ్రీల తేడా. లోపలి ఉక్కు దూలం ముప్పావు మిల్లీమీటరు పెరిగితే పైన ప్లాస్టిక్కు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల ఈ తేడాను మింగడానికే కంపెనీ ప్రతి క్లిప్పునూ, ప్రతి సందునూ కొలిచి పెడుతుంది. అందులో రెండు క్లిప్పులు పోతే చలికి ముడుచుకున్నప్పుడు ఆ ఖాళీ మోగుతుంది.

విప్పడం

ఆదివారం పదకొండు దాకా ఆగాం. చలి ప్లాస్టిక్ క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి. కాస్త ఎండ తగిలి పలక గోరువెచ్చగా అయ్యాక వంగి వస్తాయి.

అన్నిటికంటే ముందు బ్యాటరీ. పది నంబరు పానాతో మైనస్ తీగ విప్పి, తీగ మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి, పది నిమిషాలు ఊరికే కూర్చున్నాం. ఎంతసేపు ఆగాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది, చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో బ్యాటరీ తీసేశాక కూడా కాసేపు కరెంటు నిలువ ఉంటుంది. మన దేశంలో 2019 జులై నుంచి డ్రైవర్ వైపు, 2021 నుంచి పక్క సీటు వైపు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అక్క బండికి రెండూ ఉన్నాయి. పసుపుపచ్చ కప్లర్లు (తీగలను కలిపే ప్లాస్టిక్ జోడింపులు), పసుపు తొడుగున్న తీగలు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు. పక్క సీటు ముందున్న ఎయిర్‌బ్యాగ్ మూత మీద గాని, దాని అంచుల్లో గాని ఫెల్టు, స్పంజి, జిగురు ఏదీ పెట్టొద్దు. చప్పుడు అక్కడి నుంచే వస్తోందని తేలితే ఆ పని ఇంట్లో చేసేది కాదు, తెలిసినవాళ్లకు అప్పగించండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

స్క్రూడ్రైవరు మొనతో ఫ్రేము ఎత్తితే గీతలు పడతాయి. ప్యానళ్లు ఎత్తడానికి వాడే ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌ను కింది అంచు సందులో దూర్చి, ఒక క్లిప్పు ఊడాక పక్క క్లిప్పు దగ్గరికి జరుపుతూ పోవాలి. ఒకే చోట పట్టి లాగకూడదు. మొదటి రెండు క్లిప్పులు నేను ఊడదీసి టూల్ అక్క చేతికిచ్చాను. మొదట భయపడింది. నాలుగో క్లిప్పుకు "ఇగ అర్థమైంది, నువ్ జరుగు" అంది.

ఫ్రేము చేతికొచ్చింది. ఎనిమిది క్లిప్పులు ఉండాల్సిన చోట ఆరే ఉన్నాయి. రెండు చోట్ల ఉక్కు స్ప్రింగు క్లిప్పు లేదు, ఒట్టి ప్లాస్టిక్ నాలుక మాత్రమే ఉంది. స్టీరియోను పట్టే నాలుగు స్క్రూల్లో రెండే బిగించి ఉన్నాయి. సగం చప్పుడు ఇదీ.

రెండు స్క్రూలు విప్పి స్టీరియోను ముందుకు లాగి, ఫోన్ లైటు లోపలికి వేశాం. వెనక నల్ల రంగు ఉక్కు దూలం అడ్డంగా పోతోంది. దాని బ్రాకెట్ మీద, చిటికెన వేలి గోరంత చోట, రంగు పోయి వెండిలా మెరుస్తోంది. ఈ పనిలో నేను వెతికేది ఎప్పుడూ ఆ మెరుపునే. ఏదైనా కొన్ని వారాలు ఒకే చోట కొట్టుకుంటే అక్కడ దుమ్ము నిలవదు, రంగు నిలవదు. చెవి మోసం చేయొచ్చు, నొక్కడం మోసం చేయొచ్చు, ఆ నున్నటి మచ్చ చేయదు.

మచ్చకు ఎదురుగా అగ్గిపెట్టె అంత జీపీఎస్ యాంటెనా వేలాడుతోంది. గాలి గొట్టం పక్కన డబుల్ సైడ్ టేపుతో అతికించారు. ఎండలకు జిగురు కారి, ఒక అంచు ఊడి, రెండో అంచు తలుపు బందులా పట్టుకుని ఉంది. మధ్యాహ్నం వేడికి జిగురు మెత్తబడి యాంటెనా గొట్టానికి వాలి ఊరుకునేది. పొద్దున చలికి జిగురు బిగుసుకుని దాన్ని బ్రాకెట్ దగ్గరే నిలబెట్టేది. గతుకు పడితే ఒకసారి, తిరిగి ఊగితే ఇంకోసారి. ట-టక్. దాని పక్కనే పాత స్టీరియో కప్లర్లు, కొత్త తీగల మిగులు ఒక గుత్తిగా ఏ కట్టూ లేకుండా పడి ఉన్నాయి.

అక్క వేలితో యాంటెనాను కదిపి బ్రాకెట్‌కు కొట్టింది. అదే చప్పుడు. అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, దాన్నే ఊపుతూ కూర్చుంది.

బిగించడం

సామాను తెచ్చి పెట్టుకున్నాను. పుత్లీబౌలిలో ఆ మోడల్‌కు సరిపోయే స్ప్రింగు క్లిప్పులు ఆరు, ఒక్కోటి పది రూపాయలు. ఫెల్ట్ టేపు చుట్ట రాణిగంజ్‌లో 350. శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 120, స్క్రూలకు 20. మొత్తం 550.

ఫెల్ట్ టేపు గురించి కొంచెం చెప్పాలి. కంపెనీలు వైరింగు హార్నెస్‌కు, అంటే తీగల కట్టకు, చుట్టే మెత్తటి నల్ల గుడ్డ టేపు ఇది. కరెంటు పనికి వాడే నున్నటి పీవీసీ టేపు కాదు. పీవీసీ టేపు ఎండకు జిగురు వదిలి జారిపోతుంది, పైగా ప్లాస్టిక్కుకు రాసుకుని తనే కిర్రుమంటుంది. స్పంజి అసలు వద్దంటాను. పాలీయురేథేన్ స్పంజి మన వేడికీ తేమకూ కొన్నేళ్లలో పొడైపోతుంది, ఆ నల్ల పొడి గాలి గొట్టాల్లోకి చేరుతుంది.

యాంటెనా చోటును, చుట్టుపక్కల పాత జిగురును ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాం. యాంటెనా ముఖం ఆకాశం వైపు ఉండాలి, పైన లోహం అడ్డం ఉండకూడదు. అందుకే దాన్ని దూలం కిందికి కాకుండా గొట్టం పైనున్న చదును చోటుకు మార్చి, కొత్త ఫోమ్ టేపుతో అతికించి, పైనుంచి జిప్ టై కూడా వేశాం. ఒట్టి జిగురును నమ్మి వదిలేయడం వల్లే ఇదంతా వచ్చింది. జిప్ టై కొసను మొదలంటా కత్తిరించి, దాని తల లోహం వైపు కాకుండా తిప్పాలి, లేకపోతే అదే రేపు టకటకమంటుంది. కప్లర్లన్నీ విడివిడిగా ఫెల్టు చుట్టి, తీగల గుత్తిని కంపెనీ హార్నెస్‌కు కలిపి మూడు చోట్ల కట్టాం. చుట్టడం మొత్తం అక్కే చేసింది. పిల్లల పుస్తకాలకు అట్టలు వేసిన చెయ్యి కదా, నా కంటే నీటుగా వచ్చింది.

ఫ్రేము పెట్టకుండానే స్టీరియోకు నాలుగు స్క్రూలు బిగించి, బ్యాటరీ కలిపి అదే పట్టీల మీద 20లో నడిపాం. ట-టక్ లేదు. ఇలా సగంలో పరీక్షించడం తప్పనిసరి. అన్నీ మూసేశాక ఏదైనా వినిపిస్తే అది పాతదో కొత్తదో తెలియదు.

తర్వాత మళ్లీ బ్యాటరీ తీసి, ఎనిమిది క్లిప్పులతో ఫ్రేము బిగించి నడిపితే, సన్నగా "కిర్రు". గేరు దగ్గరి ప్యానల్‌కు ఫ్రేము కింది అంచు రాసుకుంటోంది. రెండు పొరల ఫెల్టు పెట్టి చూస్తే క్లిప్పు పూర్తిగా కూర్చోలేదు, అంటే ఇంకో కటకటకు మనమే చోటిచ్చినట్టు. ఒక్క పొర చాలింది. ఇలాంటి చోట కొబ్బరినూనె, ఇంజను నూనె, తుప్పు వదిలించే స్ప్రే కొట్టేవాళ్లున్నారు. వారం రోజులు బాగుంటుంది. తర్వాత దుమ్ము పట్టి ముద్దవుతుంది. ఏబీఎస్, పాలీకార్బొనేట్ కలిసిన ప్లాస్టిక్కులకు కొన్ని నూనెలు తగిలితే లాగుడు పడే చోట సన్నటి పగుళ్లు కూడా వస్తాయి.

మిగిలిన జుయ్

ఇంటి ముందు ఆపి, ఇంజను ఆపకముందు అక్క అంది, "అది ఇంకా ఉంది రా. నేను చెప్పిన కొత్తది." ఆక్సిలరేటర్ మెల్లగా తొక్కింది. 1800 ఆర్‌పీఎం దగ్గర గ్లవ్ బాక్సు వెనక నుంచి "జుయ్". ఇంకా తొక్కితే పోయింది, వదిలితే వస్తూ మళ్లీ మోగింది.

బండి నిలబడి ఉండగా ఒకే ఆర్‌పీఎంకు వస్తోందంటే రోడ్డుకు సంబంధం లేదు. మూడు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ఒక చుట్టుకు ఒకటిన్నర పేలుళ్లు. 1800 అంటే సెకనుకు 30 చుట్లు, 45 పేలుళ్లు, అంటే 45 హెర్ట్జ్. డోరు స్పీకర్లు 45ను సరిగ్గా పలకలేవు గాని దాని రెండింతలు 90 పలుకుతాయి. ఇంజను ఆపి, ఫోన్‌లో టోన్ జనరేటర్ పెట్టి స్టీరియో గుండా 90 హెర్ట్జ్ మోగించాను. జుయ్ వెంటనే పలికింది. బండి నిశ్శబ్దంగా నిలబడి ఉంది, చప్పుడు మాత్రం మన చేతిలో ఉంది. ఇక వెతకడం తేలిక. స్పీకరు జాలీ మీద ముందు చెయ్యి పెట్టి అది కాదని తేల్చుకుని, గ్లవ్ బాక్సు వంచి లోపల ఒక్కో ముక్కను వేలికొసతో తాకుతూ పోయాను. ఏసీ ఫిల్టర్ మూతను తాకగానే ఆగింది.

షాపువాళ్లు కుక్కిన స్పంజి ఆ మూత ఒక లాకును పూర్తిగా పడనివ్వలేదు. స్పంజి మొత్తం లాగేసి, లాకు టక్కుమనే దాకా నొక్కాం. రెండు నిమిషాల పని. ఒక చప్పుడుకు వేసిన మందు ఇంకో చప్పుడైంది. ఆ రాత్రి ఫోన్‌లోనే అక్క మాట సరిగ్గా విని ఉంటే, రెండు వేర్వేరు కేసులని శనివారమే రాసుకునేవాణ్ని.

మొత్తం లెక్క చూస్తే వినడానికి రెండు రోజుల్లో కలిపి అయిదు గంటలు పట్టింది. విప్పి బిగించడానికి గంటా నలభై నిమిషాలు. అద్దం సందులో నేను దోపిన ఫెల్టును కూడా తీసేశాను. అవసరం లేని చోట ఏదీ ఉండకూడదు.

జనవరి చలిలో నాలుగు పొద్దులు అక్క ఫోన్ స్పీకరు ఆన్ చేసి పక్క సీట్లో పెట్టి ఆ పట్టీల మీద నడిపి వినిపించింది. టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫిబ్రవరిలో ఉప్పల్ నుంచి నారపల్లి వైపు, అప్పటికి ఏళ్లుగా పని సాగుతున్న ఫ్లైఓవర్ స్తంభాల పక్కన చెడిపోయిన రోడ్డు మీద తీసుకెళ్లాం. దానికంటే కఠినమైన పరీక్ష నాకు తెలియదు. నిలబడింది.

ఏప్రిల్‌లో మాత్రం కొత్త సంగతి చెప్పింది. మధ్యాహ్నం బడి ఆవరణలో ఎండలో నిలిపిన బండి ఎక్కి ఏసీ వేస్తే, రెండు మూడు నిమిషాలకు ఎక్కడో ఒక్కసారి "టిక్" అంటుందట, ఆ తర్వాత ఇంటి దాకా ఏమీ ఉండదట. కాలిన పలకకు చల్లగాలి తగిలి ముడుచుకునేటప్పుడు ఒక క్లిప్పు జరుగుతున్నట్టుంది. దాన్ని ముట్టుకోవద్దని నా అభిప్రాయం. ప్లాస్టిక్కు ఊపిరి తీసుకునే చోటును బిగిస్తే విరుగుతుంది. అక్క ఒప్పుకోవడం లేదు. ట్యూబు ముక్క తన దగ్గరే పెట్టుకుంది, ఎడమ జాలీ దాకా వచ్చానని నిన్న మెసేజ్ పెట్టింది.